సొంత కారా, ఊరి బస్సా?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను పండితుడను గాను. మా తండ్రిగారు ఈ గ్రామమునకు పట్వారీగా నుండిరి. ఆ పదవి రద్దయి నలుబది యేండ్లు దాటినను లెక్కలు వ్రాయు పని మా యింట నిలిచిపోయినది. సహకార సంఘము చిట్టా, ఈ గ్రంథాలయపు జమాఖర్చు, మీ యిండ్లలోని పెండ్లి ఖర్చుల పట్టీలు, ఇవియే నా కావ్యములు. రాత్రి భోజనమైన తరువాత ఈ గ్రంథాలయమునుండి తీసికొనిపోయిన భారత భాగవతములను టీకతో కూడబలుకుకొని చదువుకొన్నవాడను. కావున నా మాటలలో పాండిత్యమును వెదకవలదు. లెక్క తప్పినచో మాత్రము నిర్మొగమాటముగా దిద్దుడు.

పురాణములలోని వాహనములను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఆ వాహనములను నేను మన వాకిటిదాక తోలుకొని వచ్చెదను. ఏలయన, నేడు మన యూరిలో నలుగురు కూడినచోట వినవచ్చు ప్రశ్న ఒక్కటే: కారు కొనవలెనా, బస్సులో పోవుట చాలునా? ఈ ప్రశ్న మా యింటికిని వచ్చినది. అది వచ్చిన విధమును, నేను చెప్పిన సమాధానమును, ఆ సమాధానములోని తప్పును మీ ముందుంచెదను.

మొదట మన సీమ సంగతి. ప్రయాణమునకును మనకును సంబంధము పాతది. నాగర్‌కర్నూలునకు కందనూలను పేరు కలదు గదా. దూరప్రయాణము చేయు బండ్లవారు అచ్చట ఆగి ఇరుసులకు కందెన పెట్టుకొనెడివారనియు, అందుచే ఆ పేరు వచ్చినదనియు పెద్దలు చెప్పుదురు. కృష్ణకు ఆవలి కర్నూలు పేరునకును ఇట్టి కథయే కలదు. కథ నిజమైనను కాకున్నను ఒక్క నీతి యందున్నది: బండి ఎవరిదైనను కందెన ఖర్చు తప్పదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే మాసమున చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, శ్రీశైలము దర్శించి, కృష్ణ దాటి, పానుగల్లు, వనపర్తుల మీదుగా హైదరాబాదునకు పోయిరి. తిరిగి ఇల్లు చేరుటకు పదునైదు మాసములకు పైగా పట్టెను. ఆయనకు సొంత పల్లకి యుండెను, దానిని మోయు బోయీలుండిరి, వెంట పరివారముండెను. సొంత వాహనమనగా ఆ దినములలో పదిమంది భుజములని అర్థము. సామాన్యునకు కాళ్లే వాహనములు. కొంచెము కలిగినవానికి ఎద్దులబండి. సంస్థానములు వెలసిన గద్వాల, వనపర్తులలో సైతము మోటారు వచ్చిన కొత్తలో అది రాజుగారి వైభవమే గాని రైతు వస్తువు కాదు.

ఆ స్థితిని మార్చినది బస్సు. నిజాము రాష్ట్రమున 1932 జూన్ మాసమున రైల్వేశాఖవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణాను ప్రారంభించిరి. మన బస్సుల నంబర్లలో నేటికిని కనబడు 'జడ్' అక్షరము ఏడవ నిజాము తల్లియైన జహ్రా బేగము పేర నిలిచినదని చెప్పుదురు. 1958 జనవరి 11న అది ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యయ్యెను. 2014లో రాష్ట్రము వేరైన పిదప తెలంగాణకు వేరు సంస్థ ఏర్పడినది. 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మన రాష్ట్రపు స్త్రీలకు టికెట్టు ఖర్చు లేకుండ ప్రయాణము కలిగినది.

రైలు మాట యడుగుదురేమో. గద్వాలకు రైలు కలదు. 2013లో గద్వాల రాయచూరుల నడుమ కూడ రైలు నడచినది. వనపర్తి రోడ్డు అను పేర నొక స్టేషను కలదు గాని అది మదనాపురమున నున్నది. పేరులోనే 'రోడ్డు' అని యున్నది; దిగినవాడు మరల బండి చూచుకొనవలెనని దాని భావము. నాగర్‌కర్నూలునకు రైలే లేదు. 2016 అక్టోబరు 11న ఈ మూడును జిల్లా కేంద్రములైనవి. ఊరూర కచేరీ పనులు, కళాశాల చదువులు పెరిగినవి. కనుక మన మూడు జిల్లాలలో ప్రయాణమనగా ముఖ్యముగ రోడ్డే; రోడ్డనగా బస్సో, ఆటోయో, సొంత బండియో.

ఇక మా యింటి సంగతి. మా కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు. నెలకు ఒకటి రెండు మార్లు ఊరికి వచ్చును. గత దసరాకు వచ్చి, "నాయనా, కారు తీసుకుందామనుకుంటున్న. పెట్రోలు ఖర్చు, బస్సు ఖర్చు లెక్కజేస్తే సమానమే అయితది" అనెను. ధర ఎనిమిది లక్షలు. రెండు లక్షలు చేతినుండి, ఆరు లక్షలు బ్యాంకు అప్పు. ఆ రెండు లక్షల కొరకు చెలకలో కొంత అమ్ముదమను మాటయు వచ్చినది.

నేను కాగితము తీసితిని. మా వానికి ఊరు 160 కిలోమీటర్లు, రానుపోను 320. ఏటికి పదునెనిమిది మార్లు వచ్చునను కొనుడు. లీటరు పెట్రోలు 107 రూపాయలు, లీటరునకు 15 కిలోమీటర్లు అని పట్టినచో ఒక్క రాకపోకకు సుమారు 2,280 రూపాయలగును. బస్సునకు మనిషికి 300 చొప్పున, పిల్లలిద్దరికి కలిపి ఒక టికెట్టుగా లెక్కించి, మూడు టికెట్లు, రానుపోను 1,800, ఆటోలకు 400, మొత్తము 2,200. ఇంతవరకు మావాడు చెప్పినది నిజమే. ఉచిత ప్రయాణమును నేను లెక్కలోనికి తీసికొననే లేదు.

అయితే అది కందెన లెక్క మాత్రమే. బండి లెక్క కాదు. ఆరు లక్షల అప్పును వందకు తొమ్మిదిన్నర వడ్డీతో అయిదేండ్లలో తీర్చవలెననిన నెలకు 12,600 రూపాయల కిస్తు. అయిదేండ్లకు 7,56,000. చేతి రెండు లక్షలతో కలిసి 9,56,000. పదేండ్ల తరువాత బండిని లక్షన్నరకు అమ్మితిమనుకొన్నను, పోయినది 8,06,000. అనగా ఏటికి 80,600. భీమాకు ఏటికి 20,000, టైర్లకు, మరమ్మతులకు 20,000 వేసితిని. బండి వాకిట కదలక నిలిచి యున్నను ఏటికి 1,20,600 రూపాయలు! దీనికి ఆరువేల కిలోమీటర్ల పెట్రోలు 42,800 చేర్చిన 1,63,400. కిలోమీటరునకు ఇరువది యేడు రూపాయలు దాటినది. బస్సున అదే పదునెనిమిది ప్రయాణములకు 39,600. భేదము 1,23,800 రూపాయలు.

ఇచ్చట నాకు నలచరిత్ర జ్ఞప్తికి వచ్చినది. ఋతుపర్ణ మహారాజు బాహుకుని సారథిగ పెట్టుకొని ఒక్క దినమున విదర్భకు పోవుచుండెను. రథవేగమునకు రాజుగారి ఉత్తరీయము జారి పడినది. ఆపుమనునంతలో యోజనము దూరము దాటిపోయెను. రాజు నవ్వి, తనకును ఒక విద్య తెలియునని, త్రోవలోని తాండ్ర చెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్క చెప్పెను. బాహుకుడు రథము నాపి లెక్కించి చూడగా సరిపోయెను. అంతట నలుడు ఆ విద్యను గ్రహించెను. గ్రహించిన క్షణముననే యతని దేహమున దాగియున్న కలి వెలువడి పారిపోయెను.

అయ్యలారా, ఈ కథలో నాకు ముచ్చటైనది రథవేగము కాదు. నలునంత సారథి లోకమున లేడు. అయినను తోలుట మాత్రమే తెలిసినన్నాళ్లు కలి యతనిని విడువలేదు. లెక్క తెలిసిననాడు విడిచెను. నేడు బండి తోలుట పదునెనిమిదేండ్ల పిల్లవానికిని వచ్చును. కిస్తు, వడ్డీ, తరుగుదల లెక్కించుట ఎందరికి వచ్చును? ఉత్తరీయము జారినది మనకు తెలియునప్పటికి యోజనము దాటిపోవుచున్నది. మన మండలమున చెలకలమ్మి బండి కొని, మూడవయేట బండినమ్మి మిగిలిన అప్పు తీర్చినవారిని నేనెరుగుదును. వారి కాగితములు వ్రాసినది నేనే.

ఈ లెక్కయంతయు చదివి వినిపించి, గెలిచితినని కూర్చుంటిని. మావాడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "నాయనా, నీ లెక్క తప్పని అంటలేను. అమ్మ చేతుల లెక్క గూడ వ్రాయి" అనెను.

ఆ మాటకు అర్థము మీకు చెప్పవలెను. రెండేండ్ల క్రిందట నా భార్యకు హైదరాబాదులో మోకాలికి శస్త్రచికిత్స జరిగినది. ఆసుపత్రినుండి పంపిననాడు కుమారుడు పని మీద పరాయి ఊరిలో నుండెను. బాడుగ కారు మాటలాడిన అయిదు వేలన్నారు. నేను లెక్క చూచుకొని, ముందు వరుసలో సీటు దొరికినది గదా యని బస్సులోనే తీసికొని వచ్చితిని. నాలుగు గంటల ప్రయాణము. ఆమె ముందరి కమ్మిని రెండు చేతుల పట్టుకొని కూర్చుండెను. గుంత వచ్చినప్పుడెల్ల కన్నులు మూసికొనెడిది. ఒక్క మాట యనలేదు. ఇంటికి వచ్చి మంచినీళ్లిచ్చునప్పుడు అరచేతులలో కమ్మి ఒత్తిన ఎఱ్ఱని గుర్తులు చూచితిని. ఆనాడు నేను మిగిల్చినది నాలుగు వేల పైచిలుకు. ఆ నాలుగు వేలను ఏ ఖాతాలో జమ వ్రాయవలెనో నాకిప్పటికిని తెలియదు.

కావున కారు పక్షమున చెప్పవలసినది నేను దాచను. ముసలితనము, రోగము, పురిటి నొప్పి, పసిబిడ్డ, అర్ధరాత్రి, ఇవి బస్సు వేళను చూచి రావు. 2005 నుండి 108 బండి యున్నది. ఎందరి ప్రాణములనో నిలిపినది. అయినను ఆసుపత్రికి పోవుటయే కాదు, ఆసుపత్రినుండి తిరిగివచ్చుటయు ప్రయాణమే. బస్సు పోని పల్లెలో ఉద్యోగము చేయువాడు, పండ్లు కూరగాయలు తెల్లవారకముందే అంగడికి చేర్చువాడు, బాడుగ బండి తోలి బ్రదుకువాడు, వీరికి బండి విలాసము కాదు. ఏటికి ఇరువదివేల కిలోమీటర్లు తిరుగువానికి నా లెక్కప్రకారము, మరమ్మతు కొంత హెచ్చించినను, కిలోమీటరునకు పదునాలుగు రూపాయలే పడును. ముగ్గురు ఉపాధ్యాయులు కలిసి ఒక్క కారులో పోయిన తలకు అయిదు రూపాయలు కూడ కాదు. తిరుగుట యెక్కువ, ఎక్కువారెక్కువ అయినచో కారు లెక్కకు నిలుచును. తిరుగుట తక్కువ, ఎక్కువాడొక్కడు అయినచో నిలువదు. ఇదియే సూత్రము.

ప్రాణభయము మాటయు చెప్పవలెను. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,000 మందికి పైగా మరణించిరి. బస్సు ఎక్కినవాడు సురక్షితుడనియు చెప్పజాలను. 2013 అక్టోబరు 30 వేకువన మన పాలెము దగ్గర బస్సు మంటలలో నలుబదియైదుగురు ఆహుతియైన సంగతి ఈ సీమవారెవరును మరువలేదు. ఏ బండి యెక్కినను వేగమునకు, నిద్రమత్తునకు, అశ్రద్ధకు దండన ఒక్కటే. రాత్రియంతయు మేల్కొని సొంత కారు తోలుకొని పండుగకు రావలెనను పిల్లలకు తలిదండ్రులు తెల్లవారినాక బయలుదేరుమని చెప్పుట మంచిది.

ఇప్పుడు పుష్పకమును తలచుకొందము. అందెందరెక్కినను ఇంకొకరికి చోటుండునని మన పెద్దల మాట. సంక్రాంతి నాటి వనపర్తి బస్సును చూచిన ఆ మాట అబద్ధమని ఎవరనగలరు? నవ్వుటకు గాక, అందులోని రెండవ సంగతి చూడుడు. పుష్పకము కుబేరునిది. రావణుడు దానిని బలిమిని తెచ్చి తనదనుకొనెను. రాముడు అయోధ్య చేరుదాక దాని నుపయోగించి, పని తీరిన వెంటనే కుబేరుని యొద్దకు పంపివేసెను. కావలసిన దినమున ఎక్కుట, పని తీరిన దినమున వాకిట కట్టివేయకుండుట, ఇది రామమార్గము.

మా యింట చివరకు ఆ మార్గమునే పట్టితిమి. కారు కొనలేదు, చెలక అమ్మలేదు. నెలకు ఆరు వేల చొప్పున పోస్టాఫీసులో ప్రయాణపు ఖాతా యొకటి తెరచితిమి. ఏటికి 72,000. అందులో పది ప్రయాణములు అయిదు వేల చొప్పున బాడుగ కారులో, ఎనిమిది ప్రయాణములు బస్సులో చేసినను 67,600 అగును. సొంత బండి లెక్కకన్న 95,800 మిగులు. అయితే ఆ ఖాతాకు ఒక్క నియమము పెట్టితిమి: బాడుగ బండి ఎప్పుడు పిలువవలెనో నిర్ణయించునది నేను కాదు, నా భార్య. లెక్కలవాని చేతిలో నొప్పిని కొలుచు కోల లేదని తెలిసిన తరువాత పెట్టిన నియమమిది.

ఇంతవరకు ఇంటి లెక్క. ఇంటి లెక్క సరిపోయినంత మాత్రమున ఊరి లెక్క సరిపోదు. పెట్రోలు డీజిలుల మూలమైన ముడి చమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా మన దేశము పరదేశములనుండి కొనుచున్నది. బస్సు లీటరునకు అయిదు కిలోమీటర్లే నడచుననుకొన్నను, ఏబదిమంది యెక్కిన ఒక్క లీటరు ఏబదిమందిని అయిదేసి కిలోమీటర్లు చేర్చును. ఇద్దరు కూర్చున్న కారు అదే లీటరుతో ఆ యిద్దరినే పదునైదు కిలోమీటర్లు చేర్చును. హెచ్చవేసి చూడుడు: ఒకచోట 250, ఒకచోట 30.

ఇంకొక సంగతి మన గ్రంథాలయపు రిజిస్టరు చెప్పుచున్నది. కొన్నియేండ్ల క్రిందట మన సాయంకాలపు బస్సు కొంతకాలము నిలిచిపోయెను. తప్పు ఎవరిదో వెదకనక్కర లేదు, ఎక్కువారు తగ్గిరి. చేతిలో డబ్బున్నవారము ఒక్కొక్కరము ఒక్కొక్క బండి కొంటిమి. ఖాళీ బస్సు ఎన్నాళ్లు తిరుగును? ఆ మాసములలో సాయంత్రపు సంతకములు సగమునకు పడిపోయినవి. రాకుండపోయినవారెవరు? పట్టణమున చదువుకొని బస్సు దిగి, ఇంటికి పోవు త్రోవలో ఒక గంట ఇచ్చట కూర్చుండి చదువుకొను ఆడపిల్లలు. ఇద్దరు పిల్లల చదువే ఆగినదని విన్నప్పుడు నేను రిజిస్టరు మూసి లేవలేకపోతిని. బస్సు మరల వచ్చినది. ఆ యిద్దరిలో ఒకతె మరల కళాశాలకు పోయినది. ఒకతెకు అప్పటికే పెండ్లియైపోయినది.

బండి కొన్నవాడు బస్సుతో తనకేమి పనియని అనుకొనును. కాని అతని తల్లికి, ఇంట పనిచేయు కూలికి, పొరుగు పిల్లకు బస్సే దిక్కు. కలిగినవారు విడిచిన బస్సు లేనివారికిని మిగులదు. బావిలో నలుగురు తోడుచున్నంతకాలమే పూడిక తీయుదురు.

కనుక రజతోత్సవ సందర్భమున మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది, కారున్న ప్రతి యింటివారును వారమునకొక్కమారైనను మన ఊరి బస్సు ఎక్కి టికెట్టు తీసికొనవలెను. రెండవది, బస్సు వేళల పలక యొకటి గ్రంథాలయపు గోడకు తగిలింతము. వేళ మారిననాడు దిద్దు పని నాది. మూడవది, దాని ప్రక్కనే ఇంకొక పలక: అర్ధరాత్రి ఆపద వచ్చినచో బండి తీయుటకు ఒప్పుకొన్నవారి పేర్లు. పెట్రోలు ఖర్చు ఆపదలోనున్నవారు ఇత్తురు. ఇవ్వలేనివారికి గ్రామస్థుల చందానిధినుండి ఇచ్చుటకు కార్యవర్గమువారు ఆలోచింతురు గాక. అప్పుడు మన యూరిలోని ప్రతి కారును ఊరికంతకును కొంత సొంతమగును. ప్రతి యింటికిని అప్పు చేయకయే ఒక కారున్నట్లగును.

చివరగా ఒక్క లాభము చెప్పి విరమింతును. నలచరిత్రను నేను చదివినది వనపర్తి బస్సులోనే. కిటికీ ప్రక్క సీటు, ఒడిలో ఈ గ్రంథాలయపు పుస్తకము. కొత్తకోట వచ్చునప్పటికి ఒక ఘట్టము ముగిసెడిది. కారు తోలువానికి ఆ భాగ్యము లేదు. ఏ బండి యెక్కవలెననునది మీ యిష్టము. ఎక్కకముందు లెక్క చూచుకొనుడు. లెక్క చూచుకొన్న తరువాత, వెంట వచ్చువారి చేతులను కూడ ఒక్కమారు చూడుడు.